గీత కొట్టిన పేజీలు

"మీకిచ్చింది గంట. అందులో పదకొండు నిమిషాలు మెట్ల దగ్గరే తినేశారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతి గడియారం మీద వేలితో తడుతూ. "పన్నెండు కొట్టగానే ఫైలు మూసేస్తాను. ఆ తర్వాత మీరేం కనిపెట్టినా ఇంట్లో ఫ్రేము కట్టించుకోవడమే, భూతద్దంగారూ."

ఆ పేరు స్టేషన్‌లో వాళ్లు పెట్టింది. డిటెక్టివ్ దానికి ఎప్పుడో అలవాటు పడిపోయింది. ఆవిడ కాలేజీ మెట్ల మీద, రెండో అంతస్తు మలుపులో గొంతుకు కూర్చుని, ఊడిపోయిన రెయిలింగు ఉండాల్సిన చోటునే చూస్తోంది. అక్కడ ఇనుపకమ్మీకి బదులు నాలుగు వరసలు ఎర్రదారం కట్టి ఉంచారు. జవాబు పత్రాల కట్టలు కట్టే దారం. నాలుగు వరసలూ మధ్యలో తెగి, కొసలు కిందికి వేలాడుతున్నాయి.

"దూకాలనుకున్న పిల్ల దారం పైనుంచి దాటుతుంది, లేదా కిందనుంచి దూరుతుంది," అంది డిటెక్టివ్. "వీపుతో తెంపుకుంటూ వెనక్కి ఎందుకు పడుతుంది?"

"వీపుతో అని మీకెవరు చెప్పారు? దారమా?"

"ఇది చెప్పింది." తెగిన కొసకి చుట్టుకున్న నీలం పోగును గోటితో విడదీసి చూపించింది. "అమ్మాయి బ్యాగు వీపున ఉంది. దాని పట్టీ వాళ్లమ్మ నీలం దారంతో కుట్టింది. బయట బెంచీ మీదే ఉంది ఆవిడ, అడగండి."

ఇన్‌స్పెక్టర్ అడగలేదు. "ఏటా రిజల్టు వచ్చిన వారంలో నా టేబుల్ మీదికి ఇలాంటివి నాలుగొస్తాయండీ. డెబ్బైకి తొమ్మిది మార్కులు. ఇంతకంటే కారణం కావాలా? ఆ బెంచీ మీద కూర్చున్న తల్లికి లేనిపోని ఆశలు పెట్టకండి."

ఆశట, అనుకుంది డిటెక్టివ్. కూతురు పోయి తొమ్మిది రోజులైన మనిషికి ఇంకా ఏం ఆశ ఉంటుంది? బట్టలు కుట్టుకుని బతికే ఆ తల్లి, టైలరమ్మ, డిటెక్టివ్ దగ్గరికి వచ్చినప్పుడు అడిగింది ఒకటే. "నా పిల్ల నన్ను వద్దనుకుని తనంతట తాను పోయిందని రాస్తున్నారమ్మా. ఆ ఒక్క ముక్క రాయనివ్వకు. ఇంకేం వద్దు నాకు."

ఆ రోజు నాలుగూ పదికి ఆ పిల్ల తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, నా పేపరు జిరాక్సు ఇచ్చారు. నేను ఫెయిలవలేదు. ఎవరితో అనకు, ముందు మాస్టారితో మాట్లాడాలి," అంది. నాలుగున్నరకి, ఇంకో ఏడాది వాళ్ల పేపర్లు దిద్దుతున్న హాల్లో బెల్లు కొట్టారు. నాలుగూ యాభైకి మెట్ల కింద పడి ఉన్న పిల్లని ఊడ్చే ఆవిడ చూసింది. ఐదు నిమిషాల్లో ఆటోలో వేసుకుని బయల్దేరారు. హాస్పిటల్ గేటు దగ్గర ఊపిరి పోయింది. బ్యాగులో మార్కుల కాగితం ఉంది. జిరాక్సు మాత్రం లేదు.

"పదండి, హాలు చూద్దాం," అని లేచింది డిటెక్టివ్.

ఆదివారం కావడంతో హాలు ఖాళీగా ఉంది. పన్నెండు టేబుళ్లు, ఒక్కోదానికీ ఒక నంబరు. పరీక్షల కంట్రోలర్ ముందు నడుస్తున్నాడు. నడుముకి వేలాడే తాళాల గుత్తి అడుగడుక్కీ గలగలమంటోంది. మనిషి మర్యాదస్తుడు. కుర్చీ తుడిచి మరీ వేశాడు.

"ఆ సాయంత్రం మీరెక్కడున్నారు సార్?"

"స్ట్రాంగ్‌రూమ్‌లోనమ్మా. నాలుగుంబావు నుంచి ఐదింటిదాకా కట్టలకి సీళ్లు వేస్తూ, లోపల్నుంచి తాళం పెట్టుకుని ఉన్నాను. బయటికొచ్చేసరికే పాపని తీసుకెళ్లిపోయారు. కడసారి చూపుకి కూడా నోచుకోలేదు. ఇన్‌స్పెక్టర్‌గారికి రాసిచ్చాను కూడా."

"రాసిచ్చారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నలభై నిమిషాలే ఉన్నాయి మేడమ్."

కంట్రోలర్ బీరువా తెరిచి, ఏడో నంబరు టేబుల్ అని చీటీ అంటించిన ముప్ఫై పేపర్ల కట్ట తీశాడు. హాల్‌టికెట్ నంబరున్న ముక్క కత్తిరించి కోడ్ నంబరు వేస్తామని, దిద్దేవాళ్లకి అది ఎవరి పేపరో దేవుడొచ్చినా తెలియదని కొంచెం గర్వంగానే చెప్పాడు. రైటుకి టిక్కు, తప్పుకి ఇంటూ. రాయకుండా వదిలేసిన పేజీకి మాత్రం ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డగీత, తర్వాత ఎవరూ అందులో ఏమీ రాయకుండా.

"మంచి పద్ధతి," అంటూ డిటెక్టివ్ అమ్మాయి పేపరు తెరిచింది.

కెమిస్ట్రీ. ఆరు మూలల గూళ్లు, వాటికి తోకలు, బాణాలు. డిటెక్టివ్ చదువు ఇంటర్ మొదటి ఏడాదిలోనే ఆగిపోయింది. ఆ పేజీల్లో ఒక్క ముక్క ఆమెకి అర్థం కాలేదు. ఇంతవరకూ ఆ పేపరు చూసినవాళ్లంతా చదువుకున్నవాళ్లు, అందుకని జవాబులు చూశారు. ఈమెకి జవాబులు అర్థం కావు కాబట్టి ఎర్ర గీతలు చూసింది.

ఒక పేజీ తిప్పింది. ఇంకొకటి. మళ్లీ మొదటికొచ్చింది.

"సార్, నిండుగా రాసిన పేజీలకి ఖాళీ పేజీల గీత ఎందుకు కొట్టారు?"

"తప్పు రాస్తే కొట్టేస్తారమ్మా."

"తప్పుకి ఇంటూ అని ఇప్పుడే చెప్పారు. ఇందులో ఒక్క ఇంటూ కూడా లేదు. పద్నాలుగు పేజీలు ఈ మూల నుంచి ఆ మూలకి కొట్టేశారు. పెన్సిలుతో బొమ్మలు వేసిన మూడు పేజీలకే టిక్కులున్నాయి, మూడు మూళ్లు తొమ్మిది."

"కెమిస్ట్రీ ఎక్కడ చదివారు మీరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెటకారంగా.

"చదవలేదు. చదివినవాళ్లెవరూ ఈ మాట అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా." గుమ్మం వైపు తిరిగింది. "వదినా, ఒకసారి ఇలా రండి. ఇది పాప రాతేనా?"

టైలరమ్మ లోపలికొచ్చింది. తొమ్మిది రోజుల్లో మనిషి సగమైపోయింది. జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. పేజీ చేతిలోకి తీసుకుంది కానీ ముందు చూడలేదు. చేతికి గుడ్డ అందితే చేసే పనే చేసింది. కాగితం వెనకవైపు అరచేత్తో నిమిరింది. రెండుసార్లు.

"ఇదే. సిరా పెన్నుతో రాసింది. చూడమ్మా, ఎంత నున్నగా ఉందో, వెనక్కి ఒక్క గీరు కూడా లేదు. దాని చెయ్యి తేలిక." చెంగు ముడిలోంచి నల్లటి పాత పెన్ను తీసింది. "మొదటి ఏడాది ఫస్టొచ్చిందని మాస్టారిచ్చారు. పరీక్షలకి తప్ప డబ్బాలోంచి తీసేది కాదు. నేను పాల లెక్క రాసుకుంటానంటే కూడా ఇవ్వలేదు, పిసినారి..." అని నవ్వబోయి, ఆ నవ్వు సగంలోనే ముఖం కప్పేసుకుంది.

డిటెక్టివ్ ఆమెని నడిపించుకెళ్లి మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టింది. తిరిగొచ్చి కళ్లు మూసుకుంది. కట్టలో మిగతా పేపర్లు ఒక్కొక్కటే తీసి, వెనకవైపు వేళ్లతో తడమడం మొదలుపెట్టింది.

"ఏంటి, సోదె చెబుతున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అవును. ఇది బాల్‌పెన్ను, గట్టిగా నొక్కి రాశాడు, గోధుమ రవ్వలా తగులుతోంది. యాభై పైన వచ్చుండాలి. చూసి చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ బద్ధకంగా వంగి చూశాడు. "యాభై నాలుగు."

"ఇది నున్నగా ఉంది. జెల్ పెన్ను. ఫెయిల్."

"...పదకొండు."

"ఇది మళ్లీ గరుకు."

"నలభై ఎనిమిది," అని, ఊరుకోలేక పేజీలు తిప్పి చదివాడు ఇన్‌స్పెక్టర్. "ఇదేంటండీ! వీడు కెమిస్ట్రీ ఎక్కడ రాశాడు? ఎవరో అమ్మాయి బస్సు మిస్సయిన కథ పన్నెండు పేజీలు రాశాడు. చివర్లో పెళ్లి కూడా అయింది. దీనికి టిక్కులా?" ఫక్కున నవ్వాడు. నవ్వి, చేతిలో కాగితం వైపు చూసి, గబుక్కున ఆగిపోయాడు.

"దిద్దినాయన చదవలేదు," అంది డిటెక్టివ్ మెల్లిగా. "వేళ్లతో తడిమాడు. గరుకు తగిలితే టిక్కు, తగలకపోతే ఖాళీ పేజీ అనుకుని గీత. ఈ టిక్కులు గీతల మీదా మార్జిన్ మీదా ఎక్కడపడితే అక్కడున్నాయి. కానీ మొదటి పేజీ గడుల్లో మార్కులు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి, అదీ ఆకుపచ్చ సిరాతో. ఇందాక బీరువాలో చూశాను, పక్క టేబుళ్ల కట్టల మీద ఆ అంకెలు ఎర్రగా ఉన్నాయి. ఆకుపచ్చ ఎవరు వాడతారు సార్?"

కంట్రోలర్ మొహం తుడుచుకున్నాడు. "టోటలు సరిచూసి నేను సంతకం... పని ఒత్తిడిలో ఒక్కోసారి నేనే వేస్తుంటానమ్మా. ఆ రోజు హాజరు రిజిస్టరు కూడా చూస్తారేమో, స్ట్రాంగ్‌రూమ్‌లో ఉంది, తెస్తాను." గలగలమంటూ వెళ్లిపోయాడు.

"ఏడో నంబరు టేబుల్ ఎవరిది?" అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ కాగితం చూశాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "గడియారం మాస్టారని పిలుస్తారట. కింద గదిలో కూర్చోబెట్టాను. పంపిస్తాను." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఇరవై రెండు నిమిషాలుంది."

*

మాస్టారు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, తిన్నగా ఏడో టేబుల్ దగ్గరికే వచ్చాడు. ఎనిమిది అడుగులు. డిటెక్టివ్ కూడా లెక్కపెట్టింది. మందపాటి కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా, దానికి ఒక గుండీ పక్క కాజాలో. బెల్లు కొట్టే క్షణానికి పాఠం ముగించే మనిషట, అందుకే ఆ పేరు.

"ఆ రోజు ఆ అమ్మాయి మిమ్మల్ని కలిసిందా మాస్టారూ?"

"లేదమ్మా. నాలుగున్నరకి సంతకం పెట్టి ఇంటికెళ్లిపోయాను."

"ఇదే ఆ పిల్ల పేపరు. మీరే దిద్దారు. ఒకసారి చూడండి." హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాగితం తీసి చేతికిచ్చింది.

మాస్టారు కాగితాన్ని కళ్లద్దాలకి దగ్గరగా పట్టుకున్నాడు. తల ఊపాడు. కానీ చూపు కాగితం అంచు దాటి ఎక్కడో ఉంది. కాగితం కింద కుడిచెయ్యి వేళ్లు మెల్లిగా కదిలాయి. వాటికవే అలవాటుగా, కాగితం వీపుని తడిమాయి.

ఆయన నొసలు ముడిపడింది. "ఇదా? ఇది బాగా రాసిందేనే. కాగితమంతా నింపింది. దీనికి తొమ్మిది ఎందుకొస్తాయి?"

డిటెక్టివ్‌కి నాలుగేళ్ల కూతురుంది. ఆ పిల్ల పొద్దున పెన్సిలు విరిగేలా నొక్కి నొక్కి గీసిన పిల్లి బొమ్మ అది. అమ్మ పని నుంచి తొందరగా రావాలని బ్యాగులో పెట్టి పంపింది.

"అది పిల్లి, మాస్టారూ," అంది. "మా పాప వేసింది."

కాగితం టేబుల్ మీద పడింది. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. ఇంక వాటితో పని లేదన్నట్టు.

"రెండేళ్లయింది," అన్నాడు. "వెలుతురూ చీకటీ తెలుస్తాయి. ఎవరో వచ్చారని తెలుస్తుంది. పాఠానికి కళ్లెందుకమ్మా, ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నదే కదా, నోటికొచ్చు. బోర్డు మీద చెయ్యి దానంతట అదే పోతుంది. దిద్దడమే నావల్ల కాదని కంట్రోలర్‌తో చెప్పాను. ఆయన పక్కనే కూర్చుని, 'పూటకి ముప్ఫై పేపర్లు దిద్దాలి, రిజల్టు తేదీ చెప్పేశాం, మనుషుల్లేరు. ఎంత రాశారో తడిమి చూసి వేసెయ్యండి, అంకెలు నేను నింపుతాను, ఎవడు చదువుతున్నాడు గనక' అన్నాడు. నేను ఒప్పుకున్నాను. క్లాసు పోతుందేమోనని ఒప్పుకున్నాను. క్లాసు లేకపోతే నేనెవర్నమ్మా?"

"ఆ పిల్లకి ఎలా తెలిసింది?"

"జిరాక్సు మీద నా సంతకం ఉంది, గీతలు చూస్తే తెలిసిపోయిందట. జెల్ పెన్నుతో రాసిన ఎవరో స్నేహితురాలి పేపరూ చూసిందట. తెలివైన పిల్ల, పేజీ తిప్పకముందే లెక్క తేలిపోయేది దానికి. బెల్లు కొట్టాక మలుపులో నా ఎదురుగా నిలబడింది. 'మాస్టారూ, మీకు కనపడదు కదా' అంది. నిష్ఠూరంగా కాదు. ఎక్కడ దెబ్బ తగిలిందో అడిగినట్టు అడిగింది. 'నేనెవరికీ చెప్పను. రీవాల్యుయేషన్ పెట్టుకుంటాను, నాది సరిపోతుంది. కానీ మిగతావాళ్లున్నారు కదా మాస్టారూ. రేపట్నుంచి మీరే మానేస్తానని రాసివ్వండి, నేను పక్కనుండి రాసిపెడతాను' అంది. చెయ్యి పట్టుకుంది, మెట్లు దింపుతానని."

"మీరు?"

"విదిలించుకున్నాను."

విదిలించిన ఆ చేతిని మాస్టారు రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"నాకు ఎవరి సాయం అక్కర్లేదన్నాను. నా పాఠం నాకే చెప్పొచ్చావా అన్నాను. ఏదో పుటుక్కుమని తెగింది. కింద దబ్బుమంది. బ్యాగు విసిరికొట్టిందనుకున్నాను. మరుక్షణం ఎవరో గబగబా మెట్లు దిగారు. కోపం వచ్చి వెళ్లిపోతోందనుకున్నాను. పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. సరే, రేపు మాట్లాడదాంలే అనుకుని గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టాను. నలభై నాలుగు మెట్లు. లెక్క తప్పితే పడతాను, అందుకని మెల్లిగా దిగుతాను." ఆగాడు. "సగం దిగాక ఆ అడుగులు మళ్లీ పైకొచ్చాయి. నా పక్కనుంచే. చేతిలో కాగితాలు రెపరెపలాడుతున్నాయి. అప్పుడే నాకు అనుమానం వచ్చుండాల్సింది. అది ఆడపిల్ల నడక కాదు. అడుగడుక్కీ..."

మాట మధ్యలో ఆగిపోయింది. తల గుమ్మం వైపు తిరిగింది. బయట వరండాలో గలగలమంటూ ఎవరో వస్తున్నారు.

"అదేనమ్మా," అన్నాడు మాస్టారు గుసగుసగా. "ఆ చప్పుడే."

"తొమ్మిది రోజులు ఎందుకు నోరు విప్పలేదు?" డిటెక్టివ్ గొంతు ఆమెకే కర్కశంగా వినిపించింది.

"అది చెప్పాలంటే నా కళ్ల సంగతి చెప్పాలి కదమ్మా."

తలుపు తోసుకుని కంట్రోలర్ వచ్చాడు, చంకలో రిజిస్టరు. వెనకే ఇన్‌స్పెక్టర్. వాళ్లిద్దరి వెనక, ఎవరూ పిలవకుండానే, టైలరమ్మ. తలుపు పక్కనే బెంచీ. అంతా విన్నదని ఆమె మొహమే చెబుతోంది.

"ఐదు నిమిషాలుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎవరితో అన్నాడో తెలియలేదు.

"అమ్మా, ఆ పేపరు ఇటిచ్చేయండి, బీరువాలో పెట్టాలి," అని కంట్రోలర్ చెయ్యి చాపాడు. డిటెక్టివ్ పేపరుని గుండెకి అదిమి పట్టుకుంది. గుడ్డివాడు విన్న చప్పుడు సాక్ష్యమా? కోర్టులో రెండు నిమిషాలు నిలబడదు. తాళాలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఏం అడగాలో ఆలోచిస్తోంది. ఒక్క ప్రశ్నకే టైముంది.

ఆమె నోరు తెరిచేలోపు టైలరమ్మ ముందుకొచ్చింది. కంట్రోలర్ ఎదుట నిలబడి రెండు చేతులూ జోడించింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, వినేవాళ్లకి తేలికగా ఉండేది.

"బాబూ, నిన్నేమీ అనను. ఒక్కటి చెప్పు చాలు. దానికి దాహమెక్కువ. పడుకోబోయే ముందు కూడా గ్లాసుడు తాగేది. నీళ్లేమన్నా అడిగిందా? నన్నేమన్నా పిలిచిందా?"

"లేదమ్మా," అన్నాడు కంట్రోలర్ కంగారుగా, ఆ జోడించిన చేతుల్ని దించబోతూ. "మాట్లాడే స్థితిలో లేదు. కళ్లు మాత్రం మెట్లవైపే..."

ఆగిపోయాడు. నడుము దగ్గర తాళాలు ఇంకా ఊగుతున్నాయి. వాటిని చేత్తో పట్టుకుని ఆపాడు.

ఇన్‌స్పెక్టర్ చంకలోని ఫైలు తీసి టేబుల్ మీద పెట్టి, కట్టిన తాడు విప్పాడు. "స్ట్రాంగ్‌రూమ్‌లో ఉన్నారు కదండీ మీరు?" అన్నాడు చాలా మెత్తగా. "ఐదింటిదాకా. తాళం పెట్టుకుని. కడసారి చూపు కూడా లేదని రాసిచ్చారు." డిటెక్టివ్ వైపు చూడకుండానే పెన్ను కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది.

టైలరమ్మ ఈ మాటలేవీ వినడం లేదు. "కళ్లు తెరిచే ఉంది," అని తనలో తాను అనుకుంది. "తెరిచే ఉందట."

ఏడో నంబరు టేబుల్ దగ్గర మాస్టారు లేచి నిలబడ్డాడు. చేతులు గాల్లో దేనికోసమో తడుముకుంటున్నాయి. బల్ల అంచు దొరకలేదు, కుర్చీ దొరకలేదు. ఇన్నాళ్లూ లెక్క తప్పకుండా నడిచిన మనిషి ఆ గదిలో మొదటిసారి దారి తప్పాడు.

"మెట్లవైపా?" అన్నాడు. "అప్పుడు మెట్ల మీద ఉన్నది నేనేనమ్మా. దిగుతూనే ఉన్నాను. దాని పక్కనుంచే వెళ్లాను."

పన్నెండు కొట్టింది.

"చూస్తూనే ఉందన్నమాట," అన్నాడు. "నన్ను."

టైలరమ్మే నెమ్మదిగా వెళ్లి, గాల్లో వెతుకుతున్న ఆ చెయ్యి పట్టుకుని, ఎటూ పడిపోకుండా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది.